మేము, మనము: సంఘజీవితంలో స్త్రీ, మన రచనలో ఆమె స్థానం

సూరతు నగరంలో రింగురోడ్డు వస్త్రవిపణుల నంటి సలాబత్‌పురా అనే పేట ఉన్నది. అక్కడినుండి లింబాయత్ వరకు విస్తరించిన వాడలలో కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుండి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు, విశేషించి పద్మశాలి కుటుంబాలు, తరతరాలుగా నివసిస్తున్నవి. పురుషులు సాంచెలపైన, అంగళ్ళలోను పనిచేస్తారు. స్త్రీలలో పలువురికి చీరల కట్టలు ఇంటికే వస్తవి. లేసు కుట్టడం, టిక్కీలు అతికించడం, వ్రేలాడే దారాలు కత్తిరించడం, మడతపెట్టడం వారి పని. కూలి చీర లెక్కన ముట్టుతుంది. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. కులసంఘాలున్నవి, రాజకీయపక్షాల వార్డు శాఖలున్నవి.

ఇట్టి వాడలో ఒక తెలుగు స్త్రీ సంఘసమావేశంలో లేచి మాట్లాడవలసి వచ్చినదనుకొందాము. ఆమె మొదటి మాట ఏదయి ఉంటుంది? "మేము" అని ఆరంభిస్తుందా, "మనము" అని ఆరంభిస్తుందా? ఇది వ్యాకరణానికి సంబంధించిన అల్పవిషయంగా తోచవచ్చును. కాని రాజకీయాలలోను, సంఘాలలోను స్త్రీల పాత్రను మన సాహిత్యం ఎట్లు చిత్రించినదో విచారించదలచిన వానికి ఇంతకంటె మంచి కొలబద్ద లేదని నా నమ్మకం.

"మనము" అన్నప్పుడు వినువారు కూడ అందులో చేరుతారు. "మేము" అన్నప్పుడు వినువారు వెలుపల ఉంటారు. సంస్కృతంలోని "వయమ్"కు గాని, హిందీ "హమ్"కు గాని, ఇంగ్లీషు "వుయ్"కి గాని ఈ భేదం లేదు. గుజరాతీకి మాత్రం ఉన్నది. మన "మేము"కు వారి "అమే", మన "మనము"కు వారి "ఆపణే" సరిగా సరిపోతవి. సలాబత్‌పురాలోని తెలుగు స్త్రీ వీధిలోకి వచ్చి గుజరాతీలో మాట్లాడినప్పటికీ, వినేవారిని కలుపుకోవడమా, విడిచిపెట్టడమా అన్న నిర్ణయం ఆమెకు తప్పదు. భాష ఏదైనను ఆమె ముందు నిలిచిన ప్రశ్న ఒకటే: ఈ సంఘం నాది కూడనా, లేక నేను దానికి విన్నపం చేసుకొనే పరురాలినా?

మన రచయితలు ఈ ప్రశ్నను విస్మరించినారని అనజాలను. అయితే రెండు మూసలు మన దృష్టిని చాలకాలం ఆక్రమించినవి. వీరవనిత మొదటిది: చెరసాలకు వెళ్ళినది, తుపాకి పట్టినది, వేదికపై గర్జించినది. సభలకు పోయి సంసారాన్ని చెడగొట్టుకొనే హాస్యపాత్ర రెండవది. మహిళామండలి అనగానే పట్టుచీరలు, ఫలహారాలు, పరనింద అని పాఠకుడు నవ్వుటకు సిద్ధపడే విధంగా మన కథలు, నాటికలు ఆ పాత్రను ఆనవాయితీగా చేసినవి. ఈ రెంటికి నడుమ విశాలమైన చోటు ఒకటి ఉన్నది. చందాలు వసూలుచేయడం, పదిమందిని ఇంటింటికి పోయి పిలుచుకొని రావడం, తీర్మానం వ్రాయడం, సభ ముగిసిన తరువాత చాపలు చుట్టడం అక్కడి పనులు. స్త్రీల సంఘజీవితం వాస్తవంగా గడిచేది ఆ చోటనే. మన కథనం అక్కడకు అరుదుగా పోయినది.

చరిత్ర మాత్రం అక్కడినుండియే ఆరంభమైనది. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీసమాజం వెలసినప్పుడు దానికి మూలకారకులు భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీరత్నమాంబ. అచ్చమాంబ జీవితంలో ఎక్కువ భాగం తెలుగునాటికి వెలుపల, బిలాసపూరు వంటి చోట్ల గడచినది. "అబలా సచ్చరిత్ర రత్నమాల" కర్త్రిగా, తొలి కథకురాలిగా ఆమెను ఈనాటి విమర్శ గుర్తించినది, సంతోషం. కాని ఊరూర తిరిగి సమాజాలు నెలకొల్పిన అచ్చమాంబను గ్రంథకర్త్రి అచ్చమాంబనుండి వేరుచేసి చూడడం మన అలవాటు. ఆ రెండు పనులు ఒకే పనియని ఆమె ఎరుగును. చదువరి స్త్రీలు ఒకచోట చేరితేగాని పుస్తకానికి పాఠకలోకం ఏర్పడదు. పుస్తకం ఉంటేగాని చేరినవారికి మాట్లాడుకొనేందుకు ఉమ్మడి విషయం దొరకదు.

1930లో జోగిపేటలో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ ప్రథమ సమావేశం జరిగినప్పుడు దానితోపాటే మహిళాసభ కూడ జరిగినది. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించినారు. ప్రధానసభ ఒకటి, మహిళాసభ ఒకటి: ఈ ఏర్పాటు ఆనాటికి ముందడుగు. పరదాల మాటున ఉన్నవారికి మాట్లాడుటకు ఒక వేదిక దొరికినది. కాని అదే ఏర్పాటు తరువాతి కాలంలో ప్రతి పార్టీకి, ప్రతి కులసంఘానికి "మహిళా విభాగం"గా స్థిరపడినది. విభాగమన్న మాటయే చెప్పుచున్నది: మొత్తం వేరొకచోట ఉన్నది. ఇల్లు దాటివచ్చిన స్త్రీకి "మేము" అనే హక్కు ఆ విభాగంలో లభించినది. "మనము" అనవలసిన సభ ప్రక్కగదిలో జరుగుతున్నది.

ఈ నేపథ్యంలో 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన "మనకు తెలియని మన చరిత్ర"ను మరల చదువవలసి ఉన్నది. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటిమాటలను సేకరించిన గ్రంథమది. దీనిని చరిత్రకారులు ప్రశంసించినారు, స్త్రీవాదులు ప్రశంసించినారు. సాహిత్యవిమర్శకులు మాత్రం "విలువైన ఆధారగ్రంథం" అని తప్పుకొన్నారు. ఆ పేరును నిదానంగా చదవండి. అందులో "మన" రెండుసార్లు వచ్చినది. తెలియనిది మనకే, చరిత్ర కూడ మనదే. ఆ స్త్రీలు, వారిని ప్రశ్నించినవారు, చదువుతున్న మనము ఒకే మాట క్రిందికి వచ్చినాము. తెలియకపోవుటలోని దోషం పాఠకునిపై కూడ పడినది.

1989లో ఇంగ్లీషులో వెలువడినప్పుడు ఈ గ్రంథం పేరు "వుయ్ వర్ మేకింగ్ హిస్టరీ" అయినది. మంచి పేరే. ఆ స్త్రీల సగర్వమైన గొంతు అందులో వినిపిస్తున్నది. అయితే ఆ "వుయ్"ని తిరిగి తెలుగు చేయబూనితే ఏమి వ్రాయాలి? "మేము చరిత్ర సృష్టిస్తున్నాము" అంటే పాఠకుడు వెలుపల నిలబడి చప్పట్లు కొట్టే ప్రేక్షకుడౌతాడు. "మనము" అంటే ఆ పోరులో అడుగుపెట్టనివాడు కూడ వాటా అడిగినట్లౌతుంది. అనువాదకునికి ఇక్కడ రెండు మార్గాలును ఇబ్బందే. ఇంగ్లీషు అనువాదంలో తప్పున్నదని నేననడం లేదు. ఆ భాషకు లేనిదానిని అది ఇవ్వజాలదు. తెలుగులో మనకున్నదానిని మనము గమనించినామా అన్నదే నా ప్రశ్న.

ఇంతమాత్రాన "మనము" అన్నచోటెల్ల న్యాయమున్నదని భ్రమించరాదు. ఆ గ్రంథంలోనే కమలమ్మ కథ ఉన్నది. అడవిలో దళంతో తిరిగే కాలాన, కన్నబిడ్డను ఉద్యమశ్రేయస్సుకై పరులకు అప్పగించవలసి వచ్చిన తల్లి ఆమె. అక్కడ పార్టీ అన్న "మనము" పరిపూర్ణంగా ఉన్నది. అందులో ఆమెకు చోటున్నది, త్యాగంలో వాటా ఉన్నది. నిర్ణయంలో ఆమె పాలు ఎంత అన్నది మాత్రం ఆమె జీవితమంతా వెంటాడే ప్రశ్నయైనది. 1951లో పోరాటం విరమించిన పిమ్మట ఇండ్లకు తిరిగిపొమ్మన్నప్పుడు స్త్రీలలో పలువురికి తిరిగిపోవుటకు ఇల్లే లేదు. ఆరుట్ల కమలాదేవి 1952లో ఆలేరునుండి శాసనసభకు ఎన్నికైనది. మల్లు స్వరాజ్యం 1978లోను, 1983లోను తుంగతుర్తినుండి గెలిచినది. అట్టివారు కొందరే. మిగిలినవారు నిన్నటివరకు "మనము" అన్న నోటితోనే "మేము" అనవలసిన స్థితికి వచ్చినారు. సర్వనామం మారిన ఆ క్షణాన్ని ఒక మహాకావ్యానికి తగిన వస్తువుగా నేను భావిస్తున్నాను. మన నవల దానిని ఇంకను పూర్తిగా అందుకొనలేదు.

అందుకొన్నది ఒక ఆత్మకథ. కొండపల్లి కోటేశ్వరమ్మగారు తొంబదిఏండ్లు దాటిన పిమ్మట, 2012లో "నిర్జన వారధి" ప్రకటించినారు. 2018లో వారు నూరేండ్ల ప్రాయంలో కన్నుమూసినారు. బాలవితంతువు, పునర్వివాహిత, కమ్యూనిస్టు కార్యకర్త, అజ్ఞాతవాసి, భర్త విడిచిపోయిన స్త్రీ, బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి: ఇన్ని దశలను చెప్పుచు ఆ గ్రంథం ఎక్కడను గొంతు హెచ్చించదు. పాఠకుని కంటతడిని యాచించదు. ఈ నిగ్రహాన్ని శిల్పమని గుర్తించడానికి మన విమర్శ వెనుకాడినది. అలంకారం కనిపించనిచోట సాహిత్యం లేదనుకొనే పాత అలవాటు దీనికి కారణం.

ఆ గ్రంథం చెప్పే ఒక్క సంగతిని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. ఒంటరిదై నిలిచినప్పుడు కోటేశ్వరమ్మగారు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివినారు. తరువాత కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ వసతిగృహంలో మేట్రన్‌గా పనిచేసి బ్రతికినారు. ఆ సభను 1937లో మద్రాసులో ఆరంభించినది దుర్గాబాయి. కాంగ్రెసువాది, ఉప్పుసత్యాగ్రహంలో చెరసాల చవిచూసిన స్త్రీ. ఒక పక్షంలో జీవితం ధారపోసిన స్త్రీ అన్నీ పోయిన వేళ ఎదుటిపక్షపు స్త్రీ కట్టిన ఇంటిలో అక్షరాన్ని, ఉపాధిని పొందినది. పార్టీల చరిత్ర వ్రాసేవారికి ఇది అడుగున చేర్చే చిన్న విషయం. స్త్రీల చరిత్ర వ్రాసేవారికి ఇది నడిమి అధ్యాయం. పక్షాలకు అతీతంగా పనిచేసిన ఒక "మనము" తెలుగునాట ఉండినదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

నవలారంగంలో ఓల్గాగారి "స్వేచ్ఛ" (1987) ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది. పుట్టింటి ఆంక్షలనుండి పెండ్లి తప్పిస్తుందని నమ్మిన అరుణకు, ప్రజాజీవితంలో పాలుగొనదలచినప్పుడు భర్త ఇల్లు కూడ అడ్డమే అయినది. ఈ నవల వెలువడినప్పుడు చర్చ అంతయు దాంపత్యంచుట్టూ తిరిగినది. అరుణ ఇల్లు విడవడం తగునా తగదా అని వాదించినవారు, ఆమె ఏ పనికొరకు బయలుదేరినదో విస్మరించినారు. స్త్రీ సభకు వెళ్ళినదంటే మన చర్చ వెంటనే ఆమె వంటింటికి మరలిపోతుంది. ఇది రచయిత్రి దోషం కాదు, విమర్శదోషం. అయినను ఒక మాట నవలాకారులందరికి మనవి చేయవలెను. ఇల్లు విడవడాన్ని మనము చక్కగా వ్రాయగలుగుతున్నాము. సంఘంలో అడుగుపెట్టిన తరువాతి పది సంవత్సరాలను వ్రాయలేకున్నాము. గడప దాటడంతో కథ ముగుస్తున్నది. అక్కడనే ఆరంభం కావలసి ఉన్నది.

సాహిత్యం స్త్రీలను సంఘటితం చేయగలదా అని సందేహించేవారికి నెల్లూరు జిల్లా సమాధానం చెప్పినది. అక్షరాస్యతోద్యమ కాలంలో, నూతనాక్షరాస్యులకై కూర్చిన వాచకంలో "సీతమ్మ కథ" అనే పాఠం ఉండెను. త్రాగుబోతు భర్తవల్ల నశించిన ఇల్లాలి కథ అది. దూబగుంట మొదలైన గ్రామాలలో రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు ఆ పాఠం చదివి, ఇది మన కథయే అనుకొని, సారాదుకాణాలపైకి నడిచినారు. 1992 నాటికి ఆ ఉద్యమం ఆంధ్రదేశమంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. పిదప ఆ సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేసినారు, అది రాజకీయకథ. మనకు కావలసినది ఇది: కవిపండితుల పేరు లేని, ఏ బహుమతికిని నోచుకొనని కొన్ని పుటలు పాఠకులచేత "మనము" అనిపించినవి. ఆ పాఠాన్ని మన సాహిత్యచరిత్రలలో ఏ ప్రకరణంలో చేర్చుదుమో నిర్ణయించుకొనవలసి ఉన్నది.

ఈ దృష్టితో తిరిగి పశ్చిమానికి పోదాము. షోలాపూరులో తెలుగుమూలం గల స్త్రీలు వేలసంఖ్యలో బీడీలు చుట్టుచున్నారు. అక్కడి కార్మికసంఘోద్యమ ఫలితంగా స్త్రీ బీడీకార్మికులకై నిర్మించిన పదివేల ఇండ్లను 2006లో అప్పగించినారు. ఆ నివేశనానికి గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టినారు. ఆమె వారలీ ఆదివాసుల నడుమ పనిచేసి, ఆ అనుభవాన్ని మరాఠీలో గ్రంథస్థం చేసి, 1972లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకొన్న రచయిత్రి. మరాఠీ సాహిత్యం తన సంఘకార్యకర్త్రిని రచయిత్రిగా గౌరవించినది. ఆమె పేరిటి ఇండ్లలో నివసించే తెలుగు స్త్రీలను తెలుగు సాహిత్యం ఎంతమాత్రం ఎరుగును?

సూరతు విషయంలో మరొక విశేషమున్నది. 1972లో అహమ్మదాబాదులో "సేవా" సంఘాన్ని స్థాపించిన ఇలా భట్ బాల్యం, విద్యాభ్యాసం సూరతులో గడచినవి. ఆమె తల్లి స్త్రీజనోద్యమంలో పనిచేసినది. "సేవా"ను కార్మికసంఘంగా నమోదు చేయమని అడిగినప్పుడు అధికారులు ఒక అభ్యంతరం చెప్పినారు: వీరికి నిర్ణీతమైన యజమాని లేడు, ఇక ఎవరిపై పోరాడుటకు సంఘం? సంఘం ఒకరికి ఎదురుగా మాత్రమే ఏర్పడనక్కరలేదు, తమకొరకు తాము ఏర్పడవచ్చునని వారు వాదించి నెగ్గినారు. సలాబత్‌పురాలో చీరకు లేసు కుట్టే స్త్రీకి ఈ వాదం ఎంత అవసరమో ఊహించండి. ఆమెకు పని తెచ్చేవాడు మధ్యవర్తి. అసలు వర్తకుని ముఖం ఆమె ఎరుగకపోవచ్చును. "మీరు" అని వ్రేలు చూపుటకు ఎదుట ఎవరును లేరు. అట్టిచోట "మేము" అన్నమాటకు బలం చాలదు. ప్రక్కింటి మరాఠీ స్త్రీని, ఒడియా స్త్రీని, గుజరాతీ స్త్రీని కలుపుకొని "మనము" అనగలిగితేనే ఆమెకు సంఘమున్నట్లు.

ఆ "సేవా" కథలో కూడ హెచ్చరిక లేకపోలేదు. అహమ్మదాబాదు మజూర్ మహాజన్ ఒడిలో పుట్టిన ఆ సంఘం 1981లో రిజర్వేషన్ల వ్యతిరేకాందోళన సమయంలో దళితుల పక్షాన నిలిచినది; మాతృసంస్థ దానిని వెలివేసినది. 1920లో ఆ మజూర్ మహాజన్‌ను నెలకొల్పినవారిలో ముఖ్యురాలు కూడ అనసూయా సారాభాయి అనే స్త్రీయే అన్నది గమనార్హం. స్త్రీ కట్టిన ఇల్లు సైతం స్త్రీలను బయటకు పంపవచ్చును. కాబట్టి ఎవరు స్థాపించినారన్న దానికంటె, "కాదు" అన్నవారికి లోపల చోటున్నదా అన్నదే ప్రధానం. కమలమ్మ కథ చెప్పిన నీతియు ఇదే.

ఇక చట్టం తన పని తాను చేసినది. 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగసవరణలు స్థానికసంస్థలలో మూడవవంతు స్థానాలను స్త్రీలకు ప్రత్యేకించినవి. గుజరాతులో 2015 ఎన్నికలనుండి అది సగమైనది. 2021లో సూరతు నగరపాలక సంస్థకు 30 వార్డులనుండి 120 మందిని ఎన్నుకొన్నప్పుడు సగం స్థానాలు స్త్రీలవి. లింబాయత్ శాసనసభా నియోజకవర్గంనుండి 2012, 2017, 2022 ఎన్నికలలో వరుసగా గెలిచిన సంగీతా పాటిల్ మరాఠీ మాతృభాషగా గల స్త్రీ. ఆమె పక్షం, విధానం ఈ వ్యాసానికి సంబంధించినవి కావు. వలసవచ్చిన భాషాసమూహపు స్త్రీకి ఆ నగరంలో రాజకీయద్వారం మూసి లేదన్నదే గ్రహింపవలసినది. 2023లో 106వ సవరణ చట్టసభలలో కూడ మూడవవంతు ప్రత్యేకించినది. దాని అమలును జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టినారు.

అయితే స్థానం దొరకడం వేరు, మాట దొరకడం వేరు. ఎన్నికైన భార్య బదులు కుర్చీలో కూర్చునే భర్తను దేశమంతయు ఎరుగును. అతనికి "సర్పంచిపతి" అని బిరుదు కూడ ఇచ్చినారు. చట్టం స్త్రీకి ఆసనం ఇవ్వగలదు. ఆ ఆసనంపై కూర్చుని ఆమె పలికే వాక్యాన్ని ఇవ్వజాలదు. వాక్యం సాహిత్యంనుండి రావలెను. పదుగురి ఎదుట తన బాధను విన్నపంగాగాక విషయంగా చెప్పగల శైలి, కోపాన్ని తీర్మానంగా మార్చగల శైలి, ఎవరో ఒకరు ముందుగా వ్రాసి చూపితే గాని జనానికి అలవడదు. వీరగాథ ఆ శైలిని నేర్పదు, హాస్యనాటిక అసలే నేర్పదు.

అందుచేత మన రచయితలకు నా మనవి ఒక్కటి. రాష్ట్రాలలో ఉన్నవారికి, వెలుపల ఉన్నవారికి సమానంగానే. చీర మడత పెట్టే చేతుల కష్టాన్ని మనము వ్రాసినాము, ఇంకను వ్రాస్తాము. అది కరుణరసం, మనకు బాగుగా తెలిసిన విద్య. ఆ చేతులు మినిట్సు పుస్తకం తెరచిన నాటి కథ వ్రాయండి. ఎవరు ముందు మాట్లాడినారు, ఎవరు అడ్డుతగిలినారు, చందా లెక్క ఎక్కడ తప్పినది, అలిగి వెళ్ళినవారిని ఎవరు తిరిగి పిలుచుకొని వచ్చినారు, పిల్లవాడు ఏడ్చినప్పుడు తీర్మానం ఎట్లు సాగినది, ఇవన్నియు వ్రాయండి. ఇందులో ఉదాత్తత లేదని అనుకొనవద్దు. పదుగురు ఒక మాటపైకి రావడంకంటె ఉదాత్తమైన వస్తువు నాకు తెలియదు.

విమర్శకులకు మనవి మరొకటి. ఇట్టి రచన వచ్చిననాడు దానిని ఆధారగ్రంథమని ప్రక్కకు పెట్టకుండ, దాని వాక్యాన్ని పరీక్షించండి. ఎక్కడ "మేము" ఉన్నదో, ఎక్కడ "మనము" వచ్చినదో, ఆ మార్పుకు ఎవరు ఏమి మూల్యం చెల్లించినారో చూడండి. మన భాష ఈ రెండు మాటలను ఊరకనే ఉంచుకొనలేదు. సలాబత్‌పురా సమావేశంలో లేచి నిలిచిన ఆ స్త్రీ ఏ మాటతో ఆరంభించునో నిర్ణయించుకొనే హక్కు ఆమెదే. ఆమె "మనము" అన్ననాడు అందులో తెలుగు పాఠకుడు కూడ ఉన్నాడా లేదా అన్నది మాత్రం మనము వ్రాసేదానిపై, చదివేదానిపై ఆధారపడి ఉన్నది.